తిరిగివచ్చిన ఒక్కడు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: లూకా సువార్త 17:11-19)

 

ఈ దినము మనము ధ్యానించబోయే సంగతి చూడడానికి చాలా చిన్నది. ఎవరో చెప్పిన మాట మీ మనసుకు తగిలింది. ఎవరో వ్రాసిన పాట మీకు ఆదరణ ఇచ్చింది. ఎవరో చేసిన పని వలన మీ ఇంటికి మేలు కలిగింది. ఆ సంగతిని మీరు ఆ మనిషికి తిరిగి చెప్పారా? ఇదే ఈనాటి ప్రశ్న. చిన్న సంగతే గాని, ప్రభువు దీనిని చిన్నదిగా చూడలేదు. దయచేసి బైబిలు దగ్గర పెట్టుకొని లూకా సువార్త 17వ అధ్యాయము 11వ వచనము నుండి 19వ వచనము వరకు చదువుకోండి.

యేసు ప్రభువు యెరూషలేముకు ప్రయాణమై సమరయ గలిలయల మధ్యగా వెళ్తున్నాడు. ఒక గ్రామములో పదిమంది కుష్ఠరోగులు ఎదురయ్యారు. దగ్గరకు రావడానికి వారికి అనుమతి లేదు. దూరముగా నిలిచి కేకలు వేశారు. వెళ్ళి యాజకులకు కనబడమని ప్రభువు చెప్పాడు. వారు బయలుదేరారు. దారిలోనే శుద్ధులయ్యారు. వారిలో ఒక్కడు మాత్రము వెనుకకు తిరిగాడు. గొంతెత్తి దేవుని మహిమపరుస్తూ వచ్చి ప్రభువు పాదముల దగ్గర సాగిలపడ్డాడు. అతడు సమరయుడు. అప్పుడు ప్రభువు మిగిలిన తొమ్మిదిమందిని గూర్చి అడిగాడు.

ప్రియులారా, ఆ తొమ్మిదిమంది ఏ తప్పు చేశారు? ఆలోచించండి. యాజకుల దగ్గరకు వెళ్ళమన్నాడు, వెళ్ళారు. మాట వినని వారు కాదు. వారి మనసులో కృతజ్ఞత లేదని కూడా వాక్యము చెప్పడం లేదు. ఇల్లు చేరి భార్యాబిడ్డలను కౌగలించుకొని, యేసు అనే బోధకుడు నన్ను బాగుచేశాడని చెప్పుకొని ఏడ్చి ఉంటారు. వాడంతా చెప్పుకొని ఉంటారు. ఒక్క చోట మాత్రమే చెప్పలేదు. ఎవరికి చెప్పాలో ఆయనకే చెప్పలేదు. సర్వము ఎరిగిన ప్రభువుకు వారి మనసు తెలియదా? తెలుసు. అయినా ఆయన అడిగాడు. పదిమందిని లెక్కపెట్టి, రానివారిని గూర్చి అడిగాడు.

మన సంగతి చూద్దాము. ఆదివారము ఆరాధన అయింది. ఇంటికి వచ్చి అన్నము తింటూ అంటాము, "ఇవాళ అయ్యగారు మంచి వాక్యం చెప్పారు, నా కోసమే చెప్పినట్టుంది" అని. భార్యకు చెప్తాము. పక్కింటివారికి చెప్తాము. అయ్యగారికి చెప్పము. అదే ప్రసంగము పది నిమిషములు ఎక్కువైందనుకోండి, ఆ కబురు సాయంత్రములోగా పాస్టరు గారి ఇంటికి చేరుతుంది! కూరలో ఉప్పు తక్కువైన రోజున మాట వెంటనే వస్తుంది. మూడువందల అరవై రోజులు సరిగ్గా పడినప్పుడు మాట రాదు. బడిలో పంతులమ్మ బిడ్డకు చదువు నేర్పింది. పత్రికలో ఎవరో వ్రాసిన సాక్ష్యము చదివి మనము కన్నీళ్ళు తుడుచుకున్నాము. క్వయిరులో ఒక చెల్లెలు పాడిన పాట వారమంతా మన నోట ఉన్నది. వారికి ఎవరు చెప్పారు?

ఇది కేవలము మర్యాద సంగతి అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకొనేవాడిని. అది కాదని నాకు నేర్పించినది ఈ రేడియో.

మా డోర్నకల్ రైల్వే జంక్షను అని మీకు తెలుసు. కాజీపేట నుండి విజయవాడ వెళ్ళే దారిలో ఉన్నది, ఇక్కడి నుండే కొత్తగూడెం వైపు లైను చీలుతుంది. ఆగకుండా దూసుకుపోయే రైళ్ళు ఎన్నో. అలాంటి రైలు వెళ్ళేటప్పుడు స్టేషను సిబ్బంది పచ్చజెండా పట్టుకొని నిలబడతారు. మీరు గమనించారో లేదో, ఇంజనులో నుండి డ్రైవరు, వెనుక పెట్టెలో నుండి గార్డు తిరిగి పచ్చజెండా చూపిస్తారు. ఇప్పుడు గార్డును ట్రైన్ మేనేజరు అంటున్నారు. అంతా క్షేమమే అని ఇటు నుండి ఒక మాట, అటు నుండి ఒక మాట. ఇటువైపు ఒక్కరే జెండా ఊపితే సరిపోదు. అటు నుండి జవాబు రాకపోతే ఏమైందో అని కంగారుపడవలసిందే.

రేడియోలో మాట్లాడేవాడి పరిస్థితి చెప్తాను వినండి. గుడిలో ప్రసంగించేటప్పుడు ఎదురుగా ముఖములు కనబడతాయి. ఎవరు తల ఊపుతున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో తెలుస్తుంది. రికార్డింగు గదిలో ముందు మైకు, గోడకు దుప్పట్లు. అంతే. మీరు వింటున్నారో, కట్టేశారో మాకు తెలియదు.

పూర్వము షార్ట్‌వేవ్ రేడియో రోజులు మన పెద్దలకు జ్ఞాపకమే. హిందూ మహాసముద్రములో సీషెల్స్ ద్వీపముల నుండి 1970 మొదలు 2003 వరకు ఫెబా రేడియో ప్రసారములు వచ్చేవి. అలలమీద తేలినట్టు గొంతు దగ్గరకు వచ్చేది, దూరమైపోయేది. ఆ షార్ట్‌వేవ్‌లో ఒక సంగతి ఉండేది. పంపినవారికి తమ గొంతు మన దేశములో ఎలా వినబడుతున్నదో అక్కడ కూర్చుంటే తెలియదు. విన్నవారు వ్రాయాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మీటరు మీద విన్నాము, స్పష్టముగా ఉన్నదా, వేరే స్టేషను అడ్డు వచ్చిందా అని శ్రోతలు కార్డు మీద వ్రాసి పంపేవారు. అలా వ్రాసినవారికి కృతజ్ఞతగా రంగుల కార్డు పంపే స్టేషన్లు కూడా ప్రపంచములో చాలా ఉండేవి. ఇది ఫార్మాలిటీ కాదు ప్రియులారా. గొంతు చేరిందో లేదో చెప్పగలవాడు శ్రోత ఒక్కడే. ఎంత గొప్ప ఇంజనీరైనా తన ఎత్తైన టవరు కింద నిలబడి ఆ సంగతి తెలుసుకోలేడు.

మాట చెప్పే ప్రతి మనిషి పరిస్థితి ఇదే. పాట వ్రాసేవాడిదీ ఇదే, పాఠము చెప్పేవాడిదీ ఇదే.

నా అనుభవము చెప్తాను. 2010లో నేను వారానికి పదిహేను నిమిషముల ప్రసంగము ఇవ్వడము మొదలుపెట్టాను. అప్పటికి నాకు వయస్సు ముప్పై. ఉత్సాహము ఎక్కువ. వేదాంత కళాశాలలో నేర్చుకున్నదంతా శ్రోతలకు చెప్పేయాలన్న తొందర. రెండేళ్ళు గడిచాయి. వచ్చిన ఉత్తరములు మూడు. ఒకరు కొత్త సంవత్సరము క్యాలెండరు పంపమన్నారు. ఒకరు కార్యక్రమము సమయము మార్చమన్నారు. మూడవది పొరపాటున మా చిరునామాకు వచ్చింది! 2012 డిసెంబరులో నా భార్యతో అన్నాను, "ఇంక చాలు. ఎవరూ వినడం లేదు. జనవరి నుండి మానేస్తాను." ఆమె ఏమీ అనలేదు. ప్రార్థన చేయండి అని మాత్రము అన్నది.

క్రిస్మస్ ముందు వారము ఒక కార్డు వచ్చింది. మామూలు పోస్టు కార్డు. గార్ల దగ్గరి ఒక పల్లె నుండి. పెద్దామె చెప్పగా మనుమరాలు వ్రాసింది. అక్షరములు పెద్దవిగా, బడిపిల్ల వ్రాసినట్టు ఉన్నాయి. దానిలో ఉన్నది ఇంతే:

"అయ్యగారికి వందనాలు. మీరు హాగరు గురించి చెప్పినది విన్నాను. ఇంట్లోనుంచి వెళ్ళగొట్టిన ఆడమనిషి ఏడుపు దేవుడు విన్నాడు అన్నారు. మా కోడలు నాతో మాట పడలేక పుట్టింటికి పోయి నాలుగు నెలలు అయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి బస్సు ఎక్కి పోయి పిలుచుకొచ్చుకున్నాను. మీకు చెప్పాలని రాయిస్తున్నాను. ఇంకొకటి. మీరు వాక్యం తొందరగా చదువుతారు. నేను కళ్ళద్దాలు పెట్టుకునేలోగా అయిపోతుంది. కొంచెం నిదానంగా చదవండి."

ప్రియులారా, ఆ కార్డు పట్టుకొని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. హాగరును గూర్చిన ఆ ప్రసంగము నాకు బాగా గుర్తు. రికార్డింగు రోజున గొంతు బాగాలేదు, మనసు బాగాలేదు. ఇది ఎవరికీ పనికిరాదు అనుకొంటూ ఇంటికి వచ్చాను. ఆ మాటే ఒక ఇంటిలో కోడలిని మళ్ళీ పొయ్యి దగ్గరకు తెచ్చింది. ఆ పెద్దామె కార్డు వ్రాయించకపోతే ఆ కోడలు రాకపోయేదా? వచ్చేది. దేవుని కార్యము ఆగదు. కాని నేను ఆగిపోయి ఉండేవాడిని. జనవరి నుండి నా నోరు మూతపడి ఉండేది. యాభై పైసల కార్డు నన్ను ఈ మైకు ముందు కూర్చోబెట్టింది. ఆ నాటి నుండి వాక్యము నిదానముగా చదువుతున్నాను. వినేవారికి కళ్ళద్దాలు పెట్టుకునే సమయము ఇస్తున్నాను.

మన చిన్నతనములో పెద్దలు ఒక పొడుపుకథ అడిగేవారు. తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది? ఉత్తరము. మన దేశములో పోస్టు కార్డు 1879 జూలై 1న మొదలైంది. తక్కువ ఖర్చుతో పేదవాడు కూడా తన మాట దూరమునకు పంపగలిగాడు. నేడు చేతిలో ఫోను ఉన్నది. ఖర్చు లేదు, పోస్టాఫీసుకు నడవనక్కరలేదు. అయినా మన మాట పక్క వీధికి చేరడం లేదు. బొటనవేలు బొమ్మ ఒకటి నొక్కి ఊరుకుంటున్నాము. ఆ బొమ్మ చూసినవాడికి తన మాట ఎక్కడ తగిలిందో తెలుస్తుందా?

ఇక్కడ కొందరు విశ్వాసులు ఒక మాట అంటారు. "అయ్యగారూ, దైవసేవకులు మనుష్యుల మెప్పు కోరకూడదు గదా, ప్రతిఫలము పరలోకములో ఉన్నది గదా?" నిజమే. కాని అపొస్తలుడైన పౌలును చూడండి. ఆయనకంటె గట్టివాడు ఎవరు? దెబ్బలు తిన్నాడు, ఓడ పగిలినా నిలిచాడు. అలాంటివాడు మాసిదోనియకు వచ్చినప్పుడు శరీరమునకు విశ్రాంతి లేక, బయట పోరాటములతో, లోపల భయములతో ఉన్నానని కొరింథీయులకు తానే వ్రాశాడు. రెండవ కొరింథీ పత్రిక 7వ అధ్యాయము చదవండి. అప్పుడు దేవుడు ఆయనను ఎలా ఆదరించాడు? దేవదూతను పంపలేదు. తీతును పంపాడు. తీతు ఒక కబురు తెచ్చాడు. నీ ఉత్తరము వారు చదివారు, దుఃఖపడ్డారు, నిన్ను చూడాలని ఆశపడుతున్నారు అని. ఆ కబురు విని పౌలు సంతోషించాడు.

మొదటి థెస్సలొనీక పత్రిక 3వ అధ్యాయములో కూడా అంతే. థెస్సలొనీక సంఘము ఎలా ఉన్నదో తెలియక పౌలు ఓర్చుకోలేకపోయాడు. తిమోతిని పంపాడు. వారు విశ్వాసములో నిలిచి ఉన్నారని, తనను ప్రేమతో తలచుకొంటున్నారని తిమోతి వచ్చి చెప్పాక, ఇప్పుడు మేము బ్రతికాము అన్నంతగా వ్రాశాడు. ఇది మెప్పు కోరడమా? కాదు. విత్తినవాడు మొలక వచ్చిందా అని చూసుకోవడము. పొలము దున్ని విత్తనము వేసిన రైతు గట్టు మీద నిలబడి చూడడా? అది గర్వమా?

అదే పౌలు తాను చేయించుకున్న మేలు మరచిపోలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయము మనము పేర్ల జాబితా అనుకొని తిప్పేస్తాము. ఒక్కసారి నిదానముగా చదవండి. ఫీబే అనేకులకు సహాయము చేసింది. ప్రిస్క, అకుల పౌలు ప్రాణము కొరకు తమ ప్రాణములకు తెగించారు. మరియ ప్రయాసపడింది. రూఫు తల్లి పౌలుకు కూడా తల్లి వంటిది. ఎవరు ఏమి చేశారో పేరు పెట్టి చెప్పాడు. ఆ అధ్యాయములోనే పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు కూడా తన పేరుతో వందనము చెప్పుకున్నాడు. పౌలు చెప్తుంటే కలము పట్టినవాడు. అతని పేరు కూడా నేటివరకు నిలిచి ఉన్నది.

రెండవ అడ్డంకి ఇది. "పొగిడితే పాడైపోతారు" అంటారు. నిజమే, ముఖస్తుతి వలవంటిదని సామెతల గ్రంథము హెచ్చరిస్తుంది. కాని ముఖస్తుతికీ కృతజ్ఞతకూ తేడా తెలుసుకోవడము కష్టము కాదు. ముఖస్తుతి చేసేవాడు ఎదుటివాడిని గూర్చి మాట్లాడతాడు. మీ అంతటివారు లేరు అంటాడు. దాని వెనుక ఏదో పని ఉంటుంది. కృతజ్ఞత గలవాడు తనకు జరిగిన మేలును గూర్చి మాట్లాడతాడు. ఆ గార్ల పెద్దామె నన్ను గొప్ప ప్రసంగికుడని ఒక్క మాట అనలేదు. తన కోడలు ఇంటికి వచ్చిందని చెప్పింది. దానివలన నాకు గర్వము రాలేదు, భయము వచ్చింది. నా మాట ఇంత దూరము వెళ్తుందా, అయితే ఇంకా జాగ్రత్తగా సిద్ధపడాలి అనిపించింది.

అంతేకాదు, నిజమైన కృతజ్ఞత లోపమును కూడా చెప్తుంది. ఈ విషయములో మా డోర్నకల్‌కు ఒక పెద్ద మాదిరి ఉన్నది. బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతములో 1874లో పుట్టారు. తమిళ సోదరులు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, మన గ్రామముల్లో తిరిగారు. 1910లో స్కాట్లాండు దేశములోని ఎడిన్‌బరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభలో కూర్చున్నవారిలో అధికభాగము యూరపు, అమెరికా దేశములవారే. వారిముందు ముప్పై ఐదేళ్ళ అజరయ్య గారు లేచి మాట్లాడారు.

ఆయన ఏమి చెప్పారు? మొదట మిషనరీల త్యాగమును, ప్రయాసను ఒప్పుకున్నారు. భారత సంఘము దానికి తరతరములు కృతజ్ఞత చూపుతుందన్నారు. ఆ తరువాత లోపము చెప్పారు. మీరు ఎంతో ఇచ్చారు గాని మాతో సమానముగా కూర్చొనే స్నేహము ఇవ్వలేదు, మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. కాని ఆ సభను గూర్చి చెప్పుకొనే ప్రతిచోటా నేటికీ ఆ మాటను తలచుకొంటారు. పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడికి తిరిగి చెప్పిన మాట అది. వట్టి పొగడ్త అయితే ఆ సాయంత్రమే మరచిపోయి ఉండేవారు. వట్టి ఫిర్యాదు అయితే చెవులు మూసుకొని ఉండేవారు. రెండూ కలిపి, ప్రేమతో, ఎదుటనే చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మా డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించుకున్నది కూడా ఆయన కాలములోనే.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో ఇంకొక మాదిరి ఉన్నది. అపొల్లో ఎఫెసులో మాట్లాడుతున్నాడు. గొప్ప వాక్చాతుర్యము గలవాడు. కాని యోహాను బాప్తిస్మము వరకే ఆయనకు తెలుసు. విన్న ప్రిస్కిల్ల, అకుల ఏమి చేశారు? గుమ్మములో నిలబడి నలుగురితో చెప్పుకోలేదు. ఆయనను చేర్చుకొని, దేవుని మార్గమును ఇంకా పూర్తిగా వివరించారు. మంచి శ్రోతలు దొరికిన ప్రసంగికుడు ధన్యుడు. ఆ తరువాత అపొల్లో అకయలో విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడని అదే అధ్యాయము చెప్తుంది.

మూడవ అడ్డంకి ఒకటున్నది, అదే అన్నిటికంటె పెద్దది. "నేనెవరిని? చదువురానివాడిని. నా మాట ఆయనకెందుకు?" ప్రియ సహోదరీ, సహోదరుడా, తిరిగివచ్చినవాడు సమరయుడు. యూదులు పక్కన కూర్చోనివ్వని మనిషి. ఆ పదిమందిలో మాట్లాడడానికి అందరికంటె తక్కువ హక్కు ఉన్నదనుకొన్నవాడు అతడే. అతడే వచ్చాడు.

అయితే ఎలా చెప్పాలి? మూడు సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది, ఏ మాట తగిలిందో ఆ మాటే చెప్పండి. "చాలా బాగుంది" అంటే సంతోషమే గాని, ఏది బాగుందో వారికి తెలియదు. ఆ పాటలో రెండవ చరణము, ఆ పాఠములో ఫలాని ఉదాహరణ అని చెప్పండి.

రెండవది, దానివలన మీకు ఏమి జరిగిందో చెప్పండి. త్రాగుడు మానారా? తమ్ముడితో మాట కలిపారా? ఆ రాత్రి నిద్ర పట్టిందా? అది చిన్నదైనా సరే.

మూడవది, ఆలస్యము చేయకండి. ఈ మూడవ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు నాకే అడ్డుపడుతుంది. ఎందుకో కూడా మీకు చెప్పాలి.

నేను పుట్టిన పల్లెలో ఒక ఉపదేశి గారు ఉండేవారు. పెద్ద చదువులు లేవు. జీతము అంతంతమాత్రము. సాయంత్రము దీపాలవేళ కూలి నుండి వచ్చిన జనమును కూర్చోబెట్టి, వాక్యము కథలా చెప్పేవారు. దావీదు గొఱ్ఱెల సంగతి చెప్తే మా ఊరి గొఱ్ఱెలే కళ్ళముందు నిలిచేవి. నేను చాపమీద ముందు వరుసలో కూర్చొనేవాడిని. సేవకు రావాలన్న ఆశ నాలో పుట్టింది ఆ చాపమీదే. వేదాంత కళాశాలకు వెళ్ళాక పెద్ద పెద్ద పుస్తకములు చదివాను, గ్రీకు నేర్చుకున్నాను. మొదటిసారి ప్రసంగము చేసిన రోజున, నేను మాట్లాడుతున్న తీరు ఆ ఉపదేశి గారిదేనని నాకు తెలిసింది. ఇది ఆయనకు చెప్పాలి అనుకున్నాను. ఇన్‌లాండ్ లెటరు కొన్నాను. సగము వ్రాశాను. పరీక్షలు వచ్చాయి. బైబిలులో పెట్టుకున్నాను. సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు ముఖాముఖిగా చెప్దాములే అనుకున్నాను. వెళ్ళినప్పుడు పదిమంది ఉన్నారు, సిగ్గుపడి ఊరుకున్నాను.

2004లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. భూస్థాపనకు వెళ్ళాను. అంతా అయ్యాక వారి భార్య నా చేయి పట్టుకొని అన్నది, "బిడ్డా, ఆయన ఎప్పుడూ ఒకటే అడిగేటోడు. ఇన్నేళ్ళు చెప్పిన గదా, ఈ పిల్లల్లో ఎవరికన్నా అంటిందా అని. నేనేం చెప్పుదు?"

అంటింది అమ్మగారూ, నాకే అంటింది అని అప్పుడు చెప్పాను. ఆమె ఏడ్చింది, నేను ఏడ్చాను. కాని వినవలసిన ఆయన వినలేదు. పరలోకములో దేవుడు ఆయనకు చెప్పి ఉంటాడని పెద్దలు నన్ను ఓదార్చారు. నేను నమ్ముతున్నాను. అయినా చెప్పమని దేవుడు నాకు అప్పగించిన మాట అది. నేను చెప్పలేదు. సగము వ్రాసిన ఆ ఇన్‌లాండ్ లెటరు ఇప్పటికీ నా బైబిలులో ఉన్నది. లూకా 17వ అధ్యాయము దగ్గరే పెట్టుకున్నాను. ఆ తొమ్మిదిమందిని నేను తప్పుపట్టలేను. వారిలో నేను ఒకడిని.

కావున నా ప్రియ పాఠకులారా, ఈ పత్రిక పక్కన పెట్టేముందు ఒక పేరు తలచుకోండి. మనము పాడుకొనే కీర్తనలెన్నో వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో కన్నుమూశారు. ఆయనకు మనము ఉత్తరము వ్రాయలేము. కాని నేడు పాటలు వ్రాస్తున్నవారు ఉన్నారు. మీకు అక్షరములు దిద్దించిన పంతులు గారు ఏ ఊరిలోనో వాలుకుర్చీలో కూర్చొని ఉన్నారు. ప్రసవమప్పుడు రాత్రంతా మీ పక్కన కూర్చున్న నర్సు ఉన్నది. ప్రతి శనివారము మీ గుడి ఊడ్చే తల్లి ఉన్నది, ఆమె చీపురు చప్పుడు తప్ప ఆమె పేరు మీకు తెలియకపోవచ్చు. మీ ఇంటిలోనే నలభై ఏళ్ళుగా వండిపెడుతున్న మనిషి ఉన్నది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, దగ్గరివారి మేలు మనకు కనబడదు.

నాకు ఉత్తరము వ్రాయమని ఈ ప్రసంగము చెప్పడం లేదు. నాకు ఆ గార్ల కార్డు చాలు. మీరు తలచుకొన్న ఆ ఒక్కరికి వ్రాయండి. వ్రాయలేకపోతే ఫోను చేయండి. దగ్గరే ఉంటే నడిచి వెళ్ళండి. ఏమి చెప్పాలో తెలియకపోతే, "మీరు ఆ రోజు చెప్పిన మాట నాకు అందింది" అనండి. అంతే చాలు. రేపు అనకండి. ఈ దినమే చెప్పండి.

ప్రార్థన చేసుకుందాము.

ప్రేమగల పరలోకపు తండ్రీ, పదిమందిలో తిరిగివచ్చిన ఒక్కని స్వరము విన్న దేవా, నీకు వందనములు. మేము పొందిన మేలులను ఇంటి గడప దాటనివ్వని మా నిర్లక్ష్యమును క్షమించుము. ఎవరూ వినడం లేదని ఈ సాయంత్రము కలము దింపాలనుకొంటున్నవారిని, పాట మానాలనుకొంటున్నవారిని, బడిలో విసిగిపోయినవారిని జ్ఞాపకము చేసుకొనుము. వారి దగ్గరకు మాలో ఒకరిని పంపుము. సిగ్గు తీసివేసి మా నోళ్ళు తెరువుము. ఆలస్యము చేసినవారికి ఓదార్పునిమ్ము. మా ప్రభువైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక.